గేరుబాక్సు దించిన అత్త

మొన్న మా కాలేజీ ముందర ప్రిన్సిపాల్ గారి కారు కదిలాక నేల మీద ఎర్రటి మరక మిగిలింది. వాచ్‌మన్ దాన్ని చూసి, ఎవరో వక్కాకు నమిలి ఊశారని తిట్టుకుంటూ చెంబుతో నీళ్ళు తెచ్చాడు. లైబ్రరీ తాళం తీయడానికి పోతున్నదాన్ని ఆగాను. వంగి వేలు ముంచి వాసన చూశాను. మాడు వాసన లేదు.

"ఇది గేరుబాక్సు నూనె. ఎక్కడో కారుతోంది, సారుకు చెప్పండి" అన్నాను.

అతను నన్నూ, నా వేలునూ మార్చి మార్చి చూశాడు. ఈ కాలేజీలో చేరినప్పటి నుంచి నేను అతనితో అన్నవి "నమస్తే", "తాళం" తప్ప ఇంకేమీ లేవు. లోపలికి పోయి కూర్చున్నాక కూడా వేలికి జిడ్డు ఉంది. తుడుచుకోబుద్ధి కాలేదు. అత్త పోయి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు.

ఎర్రగుంట్లలో ఆమెను సమాధి చేసిన రోజు ఎవరెవరో లేచి మాట్లాడారు. ప్రార్థనాపరురాలు అన్నారు. శాంతమూర్తి అన్నారు. నెమ్మదస్తురాలు అని కూడా అన్నారు. వీళ్ళు ఎవరి గురించి చెబుతున్నారా అనిపించింది. నాన్నకూ అనిపించినట్టుంది, తలెత్తి ఒకసారి నా వైపు చూశాడు. ఆమె ఆయనకు సొంత అక్క. తమ్ముడు చర్చిలో ఉపదేశి కాబట్టి ఆయనే నాలుగు మాటలు చెప్పాలని అందరూ అడిగారు. ఆయన లేచి నిలబడ్డాడు, మోకాలి మీద చెయ్యి ఒత్తిపెట్టుకుని కాసేపు అట్లే ఉండి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి డైరీ తీశాను. తారీకు వేసి, ఇంకేమీ రాయలేక మూసేశాను. ఇప్పుడు రాస్తున్నది అప్పుడు రాయలేకపోయినదే.

అత్త ప్రార్థనలో కళ్ళు మూసుకునేది కాదు. అందరూ తలలు వంచితే ఆమె ఒక్కతే నిటారుగా కూర్చుని గోడలు చూసేది. నాన్న ఒకసారి మెల్లగా అడిగాడు, అక్కా, కళ్ళు మూసుకోవచ్చు కదా అని.

"బండి కింద పండుకొని కండ్లు మూసినోళ్ళు మళ్ళా తెరిచినారా?" అంది. "నాకు అలవాటు లేదురా. నువ్వు చేసుకో. నేను చూస్తాంటా."

ఆమె భర్తకు ఎర్రగుంట్ల రోడ్డు మీద మెకానిక్కు షెడ్డు ఉండేది. సిమెంటు లారీలు వచ్చి ఆగేవి. ఆయన కింద దూరితే అత్త లైటు పట్టుకునేది. తరువాత పానాలు అందించేది. తరువాత ఆయన నడుము పడిపోయి మంచం మీదనుంచి చెబుతుంటే, ఈమే కింద దూరింది. ఆయన పోయాక కూడా మానలేదు. ఎవరైనా మెకానిక్కమ్మా అంటే ఒప్పుకునేది కాదు. "మెకానిక్కు పెండ్లాన్ని" అనేది. అందులో వినయం ఏమీ లేదు. మెకానిక్కు కంటే అది ఒక మెట్టు పైన అన్నట్టుగా అనేది.

ఆలూరులో మా ఇంటికి ఆమె వచ్చి ఎక్కువ రోజులు ఉన్నది ఒకే ఒక్కసారి. గోనెసంచి ఒకటి ఈడ్చుకుంటూ బస్సు దిగింది. కండక్టరు ఆ సంచిని లోపలికి ఎత్తలేక, "ఏముండాది అవ్వా ఇందులో, ఇంత బరువు?" అని అడిగాడట.

"మా ఆయన."

ఇంక గుంతకల్లు నుంచి ఆలూరు దాకా అతను ఆ సంచి దగ్గరికే రాలేదట. సంచిలో ఉన్నవి ఆయన పానాలు, సుత్తులు, ఒక ఇనుప గొలుసు, చిన్న జాకీ. ఈ సంగతి చెబుతూ ఆమె నవ్వలేదు. మేము నవ్వితే "ఏమిటికి నవ్వుతాండారు? నిజమే కదా" అంది.

ఆమె రావడానికి కారణం నాన్న కారు.

నాన్న ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం ప్రార్థనలు జరిపిస్తాడు. అక్కడ ఉన్నవి ఒక్క గది చర్చిలు. వచ్చేవాళ్ళు కూలికి పోయేవాళ్ళు, రెండెకరాల మెట్ట ఉన్నవాళ్ళు. చిన్నప్పుడే జ్వరం వచ్చి నాన్నకు ఎడమకాలు సన్నబడిపోయింది. క్లచ్ తొక్కలేడు. అందుకని పల్లె నుంచి ఎవరో ఒకరు మోటారుసైకిలు తెచ్చేవారు. ఇద్దరు చంకల్లో చేతులు వేసి ఎక్కించేవారు, అక్కడ ఇంకో ఇద్దరు దించేవారు. దించేటప్పుడు నాన్న ముఖం నేను చూసేదాన్ని కాదు. తరువాత ఆదోనిలో ఒక డాక్టరు గారు గేర్లు వాటంతట అవే మారే పాత కారు అమ్మకానికి పెట్టారు. దానికి రెండే పెడళ్ళు, రెండూ కుడికాలికే. నలభై దాటాక నాన్న కారు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఇంట్లో ఆయన గొంతు పెరిగింది. అమ్మతో చిన్న చిన్న విషయాలకు తగువు పడేవాడు, మాకు అది బాగుండేది.

ఆ కారు ఒకరోజు ఆగిపోయింది. ఇంజన్ అరుస్తుంది, చక్రాలు కదలవు. ఆదోని గ్యారేజీలో చూసి, గేరుబాక్సు లోపల కాలిపోయింది, దానికి పెట్టేకంటే ఇనుముకు అమ్ముకోండి అన్నారు. ఆ వారమే చర్చి పెద్దలు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చెడ్డవాళ్ళు అయ్యుంటే బాగుండేది.

"అయ్యగారూ, మీరు శానా కష్టపడినారు. కోత పండగ కాడ్నించి ఆ పల్లెలకు ఇంకొకాయన్ని చూసుకుంటాం. మీరు ఇంట్లో కూసోని మా కోసం ప్రార్థన చేస్తే చాలు" అన్నారు.

నాన్న అన్నిటికీ తలూపాడు. వాళ్ళు పోయాక పాత టార్పాలిన్ ఒకటి తెచ్చి కారు మీద కప్పాడు. మూలలు సరిగ్గా లాగి తాళ్ళు కట్టాడు. అమ్మ అది కిటికీలోంచి చూసి, లోపలికి వచ్చి అత్తకు ఫోన్ చేసింది. ఏం చెప్పిందో వినలేదు. చివర "నువ్వొస్తే బాగుంటాది వదినా" అనడం మాత్రం విన్నాను.

అత్త వచ్చీ రాగానే ఆ టార్పాలిన్ పీకేసింది. "పీనుగకు కప్పినట్ల కప్పినావు కదరా" అని తిట్టి, గేరుబాక్సు నూనె కొలిచే పుల్ల బయటికి లాగి రెండు వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంది. "అడుగంటిన సంగటి" అంది. నా ముక్కు దగ్గర కూడా పెట్టింది. "చూసుకో. మాడిన వాసన గుర్తుండాల మనిషికి." నాకు ఆ వాసన అప్పటినుంచి గుర్తుంది.

లారీవాళ్ళు అందరూ ఆమె భర్తకు తెలిసినవాళ్ళే. ఎవరెవరికో ఫోన్లు చేసి, అరిచి, బతిమాలి, హైదరాబాదులో పాత ఇనుప సామాను కొట్టు నుంచి ఇదే కారుది ఇంకో గేరుబాక్సు తెప్పించింది. అది లారీలో గోనెసంచుల మధ్య దొర్లుతూ వచ్చింది. దాన్ని వరండాలో పాత పరుపు మీద పెట్టించి, రోజూ పొద్దున పాలవాడి కంటే ముందు దాన్ని ఒకసారి చూసి వచ్చేది.

పాతది దించడం నాలుగు దినాలో అయిదు దినాలో పట్టింది. ఎండ ఇంకా తగ్గలేదు. ఇంటి ముందర నాపరాయి బండలు పొద్దున పదకొండు కాకముందే కాలేవి. కారును ఇటుకల మీద ఎత్తుదామని నాన్న అంటే, "ఇటుక చెప్పకుండా పగుల్తాది. కొయ్య అయితే రోంత మూలిగి చెప్తాది" అని సా మిల్లు నుంచి దిమ్మెలు తెప్పించింది. చీర గోచీ బిగించి, పైన భర్త ఖాకీ చొక్కా వేసుకుని, కింద దూరింది. ఆమెకు నడుము ఒకవైపు వంగి ఉండేది, నడిస్తే ఎడమ తుంటి బయటికి పొడుచుకు వచ్చేది. కారు కింద పడుకుంటే మాత్రం సాఫుగా ఉండేది.

షెడ్డు పద్ధతి అని ఆమె ఒక పని చేసింది. గేరుబాక్సు ఆకారం బండ మీద సుద్దముక్కతో పెద్దగా గీసింది. విప్పిన ప్రతి బోల్టునూ ఆ బొమ్మలో అది ఉండే చోటే పెట్టమంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, చూడటానికి అన్నీ ఒకటిగానే ఉంటాయి. అమ్మ కళ్ళాపి చల్లకూడదని, ఊడవకూడదని అత్త ఆంక్ష పెట్టింది. అమ్మకు అది నచ్చలేదు గానీ, ఆ బొమ్మ చుట్టూ తిరిగి నడిచేది.

బోల్టులను అత్త పేర్లు పెట్టి తిట్టేది. తుప్పు పట్టి రానిది "మా అత్త". ఒక్క దెబ్బకు వచ్చేది "తోటికోడలు, అడగందే పుట్టింటికి పోతాది". చేతిలోంచి జారి ఎక్కడికో దొర్లిపోయేది "మొగుడు".

"మ్మే, మొగుడు పడినాడు చూడు, చక్రం కాడ" అంటే నేను వెతికి తెచ్చేదాన్ని.

మధ్యాహ్నం ఎండకు పని ఆపి వరండాలో ఒరిగేది. ఆ గంట నేను చదువుకునేదాన్ని. ఇంట్లో నేను పుస్తకాలు అందరి ముందూ చదవను. బియ్యం డబ్బా పక్కన గోడకు ఆనుకుని, ఎవరూ రాని చోట కూర్చుంటాను. అత్త నీళ్ళకు వచ్చి చూసింది.

"ఏం చదువుతాండావు?"

"కథ."

"జరిగిందేనా?"

"కాదు. రాసింది."

"జరగని దానికి ఏడుస్తాండావా?"

నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆమె నీళ్ళు తాగి, చెంబు బోర్లించి, "జరిగినదానికి ఏడ్సేకి టైం ఉండదులే. ఏడువు" అని పోయింది. నా చదువు గురించి నాతో ఎవరైనా అన్నవాటిలో నేను మరిచిపోనిది అదే.

పాత బాక్సు దిగిన రోజు నాన్న వరండా మెట్టు మీద కూర్చుని చూశాడు. ఇంజన్ పైన అడ్డం పెట్టిన ఇనుప కడ్డీకి గొలుసుతో వేలాడుతోంది. జాకీ మీద బాక్సు మెల్లగా కిందికి వస్తోంది, నేనూ అమ్మా ఇటూ అటూ పట్టుకున్నాం. అత్త కింద నుంచి "రానీ, రానీ, దొరసాని మాదిరి రానీ" అంటోంది. బాక్సు నేలకు దిగాక ఆమె బయటికి వచ్చి బండ మీద వెల్లకిలా పడుకుంది. లేవలేదు. అమ్మ భయపడి విసనకర్ర తెచ్చింది. "గమ్మునుండు మ్మే. అలిసినాను, సావలేదు" అంది.

తప్పు జరిగింది కొత్తది ఎక్కించే రోజు.

ఆ కారు గేరుబాక్సుకు, ఇంజన్‌కు మధ్య గుండ్రంగా, బరువుగా ఒకటి ఉంటుంది. ఇంజన్ తిప్పితే అది నూనెను తిప్పి గేరుబాక్సును తిప్పుతుంది. అత్త దాన్ని కడవ అనేది. లారీకి అది ఉండదు, క్లచ్ ఉంటుంది. నేను ముందు రోజు ఫోన్‌లో దాని గురించి వెతుకుతుంటే, "ఆ ఫోను పక్కన పెట్టు. అది పుట్టకముందు నుంచి నేను బాక్సులు దించుతాండా" అంది. నేను పక్కన పెట్టాను.

బాక్సు జాకీ మీద పైకి పోయింది. ఇంజన్‌ను తాకబోయి, ఒక వేలు మందం సందు దగ్గర ఆగింది. ఎంత ఊపినా ఆ సందు పోలేదు. లారీ బాక్సులు కూడా అట్లే ఆగుతాయట. అప్పుడు చుట్టూ బోల్టులు పెట్టి ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే, బాక్సు తనే లోపలికి లాక్కుంటుందట. ఎర్రగుంట్ల షెడ్లలో అందరూ చేసేది అదే. అత్త కూడా అదే చేసింది. పాటలాగా చెప్పుకుంటూ చేసింది, "ఇటు రోంత, అటు రోంత." సందు తగ్గింది. వెంట్రుక మందం అయ్యింది. అప్పుడు లోపల టక్కుమంది.

పెద్ద శబ్దం కాదు. ఎండుపుల్ల విరిగినట్టు. అత్త మాట ఆగింది.

ఆమె చాలాసేపు కింద నుంచి రాలేదు. పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. తరువాత ఇంజన్ ముందర బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పి చూసింది. తిరగలేదు. అంతకు ముందు తిరిగిన ఇంజనే. "మ్మే, నీళ్ళియ్యి" అంది. నేను చెంబు కిందికి పెట్టాను. తాగలేదు, ముఖం మీద పోసుకుంది.

మళ్ళీ దించింది. ఎవరినీ పట్టుకోమనలేదు, మేమే పోయి పట్టుకున్నాం. ఆ కడవ గేరుబాక్సు లోపలికి పూర్తిగా కూర్చోవాలి. లారీలో దొర్లుతూ వచ్చినప్పుడు అది వేలు మందం బయటికి జరిగింది. అదే ఆ సందు. బోల్టులతో బలవంతంగా లాగితే, లోపల నూనె పంపుకు ఉన్న పళ్ళచక్రం పగిలింది. ఆమె దాన్ని బయటికి తీసి, రెండు ముక్కలనూ బండ మీద సుద్ద బొమ్మ పక్కన పెట్టింది. ఆ రోజు శుక్రవారమో గురువారమో, వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం కోత పండుగ. ఆ లోపల కారు లేకపోతే నాన్నను ఇంక పిలవరు.

సాయంత్రం నాన్న వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కాలు చాపుకుని, కాసేపు ముక్కలు చూసి, ప్రార్థనలో మాట్లాడే గొంతుతో అన్నాడు: "పోనీలే అక్కా. దేవుని చిత్తం ఇట్లుండాది."

ఆమె అంత కోపంగా లేవడం నేను అంతకు ముందు చూడలేదు.

"దేవుని చిత్తం కాదురా! నా తప్పు ఇది. నేను పగలగొట్టినా. లారీ అనుకోని లాగినా. ఆయన పైన యాల పెడతాండావు? ఆయనేమన్నా పానా పట్టుకున్నాడా?"

"అది కాదక్కా, నువ్వు బాధపడతాండావని..."

"బాధపడనీ! నాది నన్ను పడనీ. నువ్వు మాత్రం ఆ గొంతు పెట్టద్దు. చిన్నప్పుడు నిన్ను సంకనేసుకోని పోయి బడికాడ దించినాక నన్ను 'పో అక్కా, నేను పోతా' అని తోసేటోడివి. ఆ గొంతు యాడ పాయ? ఎవరో నలుగురొచ్చి ఇంట్లో కూసోమంటే తలకాయ ఊపినావంట. నాకు నీ పెండ్లాం చెప్పింది. నేను నిన్ను ఇంట్లో కూసోబెట్టేకి మోసినానా?"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అత్త మళ్ళీ కాలే బండ మీద కూర్చుంది. అమ్మ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, ఏమీ అడగకుండా లోపలికి పోయింది.

మరుసటి రోజు పొద్దున్నే అత్త నన్ను లేపింది. "మ్మే. ఆ ఫోన్లో ఏం రాసిండాదో చదువు" అంది.

అది ఇంగ్లీషులో ఉంది. నేను చదువుకుని తెలుగులో చెబుతున్నాను. నా గొంతు ఎప్పటిలాగే నా దగ్గరే ఆగిపోతోంది. అత్త కారు కింద నుంచి అరిచింది. "ఎవరికి చెప్తాండావు, చీమలకా? గట్టిగా!" గట్టిగా చెప్పాను. పక్కింటి వాళ్ళు గోడ మీది నుంచి చూశారు. ఇంకా గట్టిగా చెప్పమంది. జీవితంలో నేను నలుగురికి వినబడేట్టు చదివిన మొదటి రచన గేరుబాక్సు బిగించే పద్ధతి.

పగిలిన పంపుకు బదులు ఏం పెట్టాలన్నది ఆమే కనుక్కుంది. పాత బాక్సు గేర్లు కాలిపోయాయి గానీ దాని పంపు బాగానే ఉంటుంది కదా అంది.

"అది చచ్చిపోయిన బాక్సు కదక్కా" అన్నాడు నాన్న.

"సచ్చినోళ్ళ కండ్లు తీసి బతికినోళ్ళకు పెట్టడంల్యా? పెద్దాసుపత్రిలో బోర్డు కూడా ఉండాది, పో."

ఆదోని నుంచి కొత్త సీలు తెప్పించి, పాతదాని పంపు తీసి, కిరసనాయిలుతో కడిగి, దీనికి పెట్టింది. ఇంక కడవ. చదివినదాని ప్రకారం, దాన్ని నొక్కుతూ మెల్లగా తిప్పాలి. ఒక్కో చోట పడి ఒక్కో మెట్టు దిగుతుంది. అత్త రెండు చేతులతో దాన్ని చంటిబిడ్డ తల తిప్పినట్టు తిప్పింది. టక్. దిగింది. ఇంకా తిప్పింది. ఇంకొకటి. నేను అయిపోయిందనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. వంటింట్లోని చపాతీ కర్రను బాక్సు అంచుల మీద అడ్డంగా పెట్టి, కింద సందులో వేళ్ళు పెట్టి కడవ ఎంత లోతుకు దిగిందో చూసి, తల అడ్డంగా ఊపింది. కాసేపు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తిప్పింది. మూడోసారి దిగినప్పుడు ఆమె ముఖంలో ఏమీ మారలేదు, భుజాలు మాత్రం కిందికి వచ్చాయి.

"తరువాత ఏముండాది?"

"బోల్టులతో లాగకూడదు. చేత్తోనే దగ్గరికి రావాలి. చేత్తో రాకపోతే ఆపి, దించి, మళ్ళీ చూడాలి."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆమె దాన్ని తనకు తానే అనుకుంది. బాక్సు పైకి పోయింది, సందు లేకుండా ఇంజన్‌కు అతుక్కుంది. అత్త ఒక్కో బోల్టునూ బండ మీద దాని చోటు నుంచి అడిగి తీసుకుని, అన్నీ వేళ్ళతోనే తిప్పింది. చివరికి చేతులు చొక్కాకు తుడుచుకుని పానా పట్టుకుంది.

కొత్త నూనె డబ్బా తెరిచి, ఎర్రగా ఉండటం చూసి, "ఇది నూనెనా, షర్బత్తా? రోంత ఐసు ముక్క ఎయ్యండి" అంది. అన్నాళ్ళలో అమ్మ గట్టిగా నవ్వింది అప్పుడే.

పండుగ ముందు రోజు, శనివారం మధ్యాహ్నం నాన్న కారెక్కాడు. ముందుకు పెడితే వెంటనే పట్టింది. వెనక్కి పెడితే కాసేపు ఏమీ జరగలేదు. అందరం బిగుసుకుపోయాం. ఆ తరువాత మెల్లగా కదిలింది. ఆ ఆలస్యం ఇప్పటికీ ఉంది. అత్త అన్నది, "పెద్దమనిషి బండి కదా. ఎనక్కి పోయేముందు ఆలోచిస్తాది."

"ఎక్కక్కా, ఒక చుట్టు వేద్దాం" అన్నాడు నాన్న.

"నేనెక్కితే నువ్వు నా ముఖం చూస్తాంటావు. పో."

నాన్న పోయాడు. వీధి చివర మలుపు తిరిగాడు. పది నిమిషాల్లో వస్తాడనుకున్నాం. రాలేదు. అమ్మ గేటు దాకా పోయి వచ్చింది. మళ్ళీ పోయింది. ఫోన్ చేస్తే, ఆయన ఫోన్ ఇంట్లో కిటికీలోనే మోగింది.

"యాడన్నా ఆగిపాయనేమో వదినా?"

అత్త సర్ఫు పొడితో మోచేతుల దాకా కడుక్కుంటోంది. "ఆగిపోతే ఎవరో ఒకరు చెప్పేకి వస్తారు. చెడ్డ మాటకు కాళ్ళు శానా. రాలేదంటే పోతాండాడని."

చేతులు తుడుచుకుని సంచి సర్దడం మొదలుపెట్టింది. రేపు పండుగ, ఉండమని అమ్మ చేయి పట్టుకుంది.

"ఉంటే వాడు నన్ను ముందరికి పిలిచి శాలువా కప్పుతాడు. నాకు ఆ తిక్క పనులు పడవు. ఇంటికాడ కోళ్ళుండాయి, నేనొచ్చి ఎన్నాళ్ళాయ."

అట్లా బయలుదేరింది. అమ్మ నన్ను గుంతకల్లు స్టేషను దాకా తోడు పొమ్మంది. సంచిని బస్సులోకి ఎత్తడానికి నేనూ డ్రైవరూ సాయం పట్టాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని, రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టుకుంది. గోళ్ళలో నలుపు పోలేదు. ఊరు దాటాక ఏమీ మాట్లాడలేదు. నాకూ మాట్లాడటం రాదు కాబట్టి ఇద్దరికీ బాగానే ఉంది. కోసిన జొన్న చేలు పోతున్నాయి, ఎర్ర నేల పోతోంది.

కొంత దూరం పోయాక, రోడ్డు పక్కన ఆగి ఉన్న మా కారు కనిపించింది. నాకంటే ముందు అత్తే చూసింది. ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. కారు మళ్ళీ ఆగిపోయింది అనుకున్నాను.

బస్సు దగ్గరికి పోయింది. నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని, తల బయటికి పెట్టి వెనక్కి చూస్తూ ఏదో చెబుతున్నాడు. వెనక తలుపు తెరిచి ఉంది. చర్చికి వచ్చే ముసలామె ఒకతె వంగి లోపలికి ఎక్కుతోంది. ఆమె వెనక ఇంకొకాయన, పండుగకు ఇచ్చే జొన్నల బస్తా భుజం మీద పెట్టుకుని నిలబడ్డాడు. నాన్న దాన్ని వెనక సీట్లో పెట్టమని చేత్తో చూపిస్తున్నాడు. ఇంజన్ ఆన్‌లోనే ఉంది, కారు వణుకుతోంది.

నేను కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టాను.

"పిలవద్దు మ్మే" అంది అత్త. "పనిలో ఉండాడు."

బస్సు దాటిపోయింది. ఆమె మెడ తిప్పి, కారు చిన్నదయ్యేదాకా చూసి, కూర్చుంది.

"బస్తా ఎవరు ఎక్కించమన్నారు వాన్ని?" అంది. "ఎనక స్ప్రింగులు పాతవి. చెప్పినా కదా. ఇద్దరు మనుషులు, ఒక బస్తా. ఇంకా ఎవర్నన్నా ఎక్కిస్తాడు, చూడు, ముందర సీటు ఖాళీగా ఉండాది కదా, వాడు ఊరుకోడు. ఎదవ."

గుంతకల్లు వచ్చేదాకా అట్లా తిడుతూనే ఉంది.